బరువు చూసి కొన్న మోటార్లు: జనగామ నుంచి భూపాలపల్లి దాకా

ఇంట్లోనే సీఎన్‌సీ రౌటర్ తయారు చేసుకుంటూ, పాత మోటార్ల కోసం మా వైపు రావాలనుకునే వాళ్లకు దారి చెబుదామని ఇది రాస్తున్నాను. చదివాక నన్ను తిట్టాలనిపిస్తే తిట్టుకోండి, తప్పులేదు. మా అక్క భర్త, మా బావ, భూపాలపల్లి బొగ్గుగనిలో ఫిట్టర్. తెలంగాణ కోసం సమ్మె మొదలై జీతం ఆగిపోయింది. ఖాళీగా కూర్చోలేని మనిషి. కంప్యూటర్ చెప్పినట్టు చెక్క మీద పూలు, అక్షరాలు చెక్కే ఈ సీఎన్‌సీ యంత్రం చేసి తలుపుల పని పట్టుకుందామని, నెల రోజులు కష్టపడి ఇనుప ఫ్రేమ్ తయారు చేశాడు. ఇల్లు దాని మీదే గడవాలని వాళ్ల ఆశ. మోటార్లు ఎంచి తెచ్చే పని నాకప్పగించాడు. నేను జనగామలో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. చుట్టాలందరికీ మాత్రం 'ఇంజనీరు'ని. మోటార్ల గురించి నాకు ఓనమాలు తెలియవు. ఆ ముక్క బావతో అనడానికి నామోషీ.

ఉద్యమం వల్ల కాలేజీ ఎలాగూ మూతపడింది. పొద్దున ఆరింటికి జనగామలో ప్యాసింజర్ ఎక్కాను. టికెట్ ఇరవై రూపాయల లోపే. కాజీపేటలో చాలాసేపు ఆగి, తొమ్మిదిన్నరకు మహబూబాబాద్ చేర్చింది. స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే ఒక మోటార్ వైండింగ్ దుకాణం. గూడూరు దగ్గరి తండా నుంచి వచ్చిన ఒకామె నడుపుతుంది. కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టడం ఆమె పని. విప్పేసిన పాత యంత్రాల నుంచి వచ్చిన స్టెప్పర్ మోటార్లు, అంటే అడుగడుగుగా తిరిగి చెప్పినచోట ఆగేవి, రెండు రకాలు ఆమె దగ్గరున్నాయి. పెద్దవి పన్నెండు వందలు, చిన్నవి వెయ్యి.

"ఎంత బరువు గుంజాలె అన్నా? ఎంత జోరుగ తిరగాలె?" అని అడిగింది.

రెండు రకాలూ చేత్తో ఎత్తి చూసి, బరువైనవే బలమైనవనుకున్నాను. "పెద్దవే ఇవ్వండి" అన్నాను.

ఆమె మీటరు పెట్టి చూసింది. "గీ పెద్దదాంట్ల సన్న తీగ, సుట్లు మస్తు. మెల్లగ తిప్పితే మంచిగ పట్టుకుంటది. జోరు చేస్తే కరెంటు జల్ది ఎక్కదు, బలం పోతది. నీ సప్లై ఎన్ని వోల్టులు?"

"పన్నెండు."

"అయితే జర చిన్నయి చూడు. వీట్ల దొడ్డు తీగ."

"ఇవి బోరు మోటార్లు కావమ్మా" అన్నాను. పక్కనున్న ఇద్దరు రైతులకు వినబడేలా మరీ అన్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది! ఆమె మూడు పెద్ద మోటార్లు గోనెసంచిలో వేసి ఇచ్చింది.

ఆర్టీసీ బస్సులు కూడా సమ్మెలోనే. గూడూరు మీదుగా నర్సంపేటకు జీపులో నలభై, అక్కణ్నుంచి పరకాల, పరకాలలో ఇంకో జీపు. అన్నీ మామూలు రోజులకు రెట్టింపు. నర్సంపేట జీపు డ్రైవర్ సంచి ఎత్తబోయి ఆగాడు. "ఏంది సారూ, బాయి రాళ్లా? గీ సంచికి గూడ టికెట్టే" అన్నాడు. "సీఎన్‌సీ మోటార్లు" అన్నాను, అదేదో నేనే కనిపెట్టినట్టు. భూపాలపల్లి చేరేసరికి రెండు దాటింది. అక్క అన్నం, పప్పుచారు పెట్టింది. నేను తింటుండగానే బావ మోటార్లకు ప్లేట్లు కోసి బిగించేశాడు.

నాలుగింటికి కరెంటొచ్చింది. సమ్మె టెంటులో దీక్షకు కూర్చున్న బావ తోటి కార్మికులు నలుగురు వచ్చారు. మొదట చెక్కేది ఆ టెంటుకు కట్టే బోర్డే: 'జై తెలంగాణ'. కొబ్బరికాయ కొట్టారు. 'జై' ముచ్చటగా వచ్చింది. తర్వాతి అక్షరానికి యంత్రం వేగంగా జరగబోయింది. మోటారు గుర్రుమని అరిచి ఆగిపోయింది. కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు. తన లెక్కన తాను పోయింది. 'తె' వచ్చి 'జై' మీద పడింది. మంచి టేకు చెక్క పాడైంది. అందరూ నా మొహమే చూశారు.

"ఫ్రేమ్ వంకరుంది బావా" అన్నాను. "చేత్తో చేసింది కదా, అంతే ఉంటుంది."

బావ మూలమట్టం తెచ్చి నాలుగు మూలలూ చూసుకున్నాడు. అందులో ఏ తేడా కనబడిందో ఏమో, వాళ్లవైపు తిరిగి "నాదే గలతు" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వంగి చెక్కపొట్టు ఊడవడం మొదలుపెట్టాను.

వాళ్లు వెళ్లాక బావ నట్లు విప్పడం మొదలుపెట్టాడు. మోటార్ల నుంచి వేరుచేసిన గ్యాంట్రీని, అంటే చెక్కే ముల్లును మోసుకుతిరిగే అడ్డ చట్రాన్ని, నేను వేలితో తోశాను. ఈ చివర నుంచి ఆ చివరకు హాయిగా జారిపోయింది. ఇక ఆగలేక చెప్పేశాను. ఫ్రేమ్‌లో లోపం లేదని, దుకాణం నడిపే ఆమె వద్దన్నా పెద్దవే తెచ్చానని, నాకు ఏమీ తెలియదని.

బావ స్పానర్ కింద పెట్టాడు. "తెలవదంటే ఇద్దరం గల్సి నేర్సుకునేటోళ్లం గద బామ్మర్దీ." విప్పిన నట్లు డబ్బాలో వేస్తూ, "నాకు జెప్తే ఏమొస్తది? నలుగురి ముంగట అన్నవ్. టెంట్ల కూసున్నరు, పోయి వాళ్లకు జెప్పు" అన్నాడు.

చెబుదామనే వెళ్లాను. "రా ఇంజనీరు సాబ్, చాయ్ తాగు" అని కుర్చీ జరిపారు. "మీ బావకు ఓపిక ఎక్కువ, లెవలే తక్కువ" అన్నాడొకాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పరకాల జీపు హారన్ కొడితే లేచి వెళ్లి ఎక్కేశాను.

మీరు ఈ దారిన వస్తే, మోటారు బరువు చూసి, ఆగి ఉన్నప్పటి పట్టు చూసి కొనకండి. మీ గ్యాంట్రీ ఎంత బరువు, ఎంత వేగంగా జరగాలి, మోటారు తిప్పే స్క్రూ ఒక చుట్టు తిరిగితే అది ఎంత దూరం కదులుతుంది, ఈ మూడూ కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆ వేగంలో ఎంత బలం మిగులుతుందో, దానికి ఎన్ని వోల్టులు కావాలో అడిగి తీసుకోండి. నా విషయానికొస్తే, తెలియకపోవడం ఇప్పుడు సిగ్గనిపించడం లేదు; ఆ టెంటులో నవ్విన నవ్వు తలుచుకుంటే అన్నం సయించడం లేదు. జరిగిందంతా ఇక్కడ ఒప్పుకున్నాను కదా అని మీరు నన్ను మెచ్చుకోకండి. ఆ నలుగురూ బ్లాగులు చదవరు. అది తెలిసే ఇక్కడ రాశాను.