పిన్ని గుప్పిట

మా పిన్ని ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే, "గుండెలోకి కరెంటు పంపిస్తుంది" అని చెప్పి చాలామందిని బెదరగొట్టాను. అందులో అబద్ధమేమీ లేదు. డాక్టరుగారు సన్నటి గొట్టాన్ని రక్తనాళంలోంచి గుండెలోకి తోస్తారు. దానికి ఉంగరాల్లాంటి చిన్న చిన్న లోహపు చుట్లుంటాయి. వాటి మధ్య, పడుకున్న మనిషికి తెలియనంత కొద్దిపాటి కరెంటు పోతుంది. లోపల నెత్తురు ఎంత ఎక్కువుంటే కరెంటు అంత సులువుగా పారుతుంది. గుండె ఎంత నిండుతోందో, ఎంత ఖాళీ అవుతోందో దాన్నిబట్టి లెక్కకడతారు. ఆ లెక్క మా పిన్నిది.

అయితే ఇక్కడో తిరకాసుంది. అందరి నెత్తురూ కరెంటును ఒకేలా పోనివ్వదు. పలచటిది ఒక తీరు, చిక్కటిది ఒక తీరు. అందుకని ముందు ఆ మనిషి నెత్తురే కాస్త గాజుగొట్టంలోకి తీసి, పక్కగదిలోని పరికరంలో పోసి చూడాలి. అదీ ఒంటివేడి తగ్గకముందే. చల్లారిందా, కరెంటు మందగిస్తుంది, గుండె ఉన్నదానికన్నా పెద్దదిగా తేలుతుంది. బల్ల దగ్గర్నుంచి పరికరం దాకా ఇరవై రెండు అడుగులు. పిన్ని ఆ గొట్టాన్ని గుప్పిట్లో బిగించి, గుప్పిటను చంకలో దోపుకుని నడుస్తుంది. ఒకసారి ఆసుపత్రి పెద్దాయన ఎదురొచ్చి పలకరిస్తే తలైనా ఊపలేదట. ఆయన ముఖం మాడ్చుకున్నారు. పరికరంలో పోసేశాక వెనక్కొచ్చి, "చల్లారిపోతుంది సార్, ఇప్పుడు చెప్పండి" అందట.

అలాంటి మనిషితో మా అమ్మ ఆరేళ్లు మాట్లాడలేదు.

కారణం అమ్మమ్మ. అమ్మమ్మ గుండెను కొలిచింది పిన్నే. అంకె చూడగానే ఎక్కువ రోజులు లేవని పిన్నికి తెలిసిపోయింది. అమ్మమ్మ మాత్రం తొణక్కుండా, "పెద్దదానికి చెప్పకే. ఇల్లు పీకి పందిరేస్తుంది" అని ఒట్టు వేయించుకుంది. పిన్ని పెదవి విప్పలేదు. ఆ రోజుల్లో అమ్మ, "పిల్ల పరీక్షలవగానే వస్తానమ్మా, పదిరోజులుంటా" అని ఫోన్లో చెబుతుండేది. ఆ పిల్లను నేనే. నా పరీక్షలు పూర్తి కాకముందే అమ్మమ్మ పోయింది.

"నీకు తెలుసు. నాకు చెప్పలేదు," అంది అమ్మ. చెల్లెలితో అదే ఆఖరి మాట.

మా అమ్మ మొండిఘటం. పిన్ని అంతకు రెండాకులు ఎక్కువే చదివింది. ప్రతి ఆదివారం పదింటికి నాకు ఫోన్ చేసేది. "అక్క ఎలా ఉంది?" అని అడగదు. "మీ మెట్లు ఎత్తు కదూ, ఎక్కుతుంటే ఎవరికైనా ఆయాసం వస్తోందా?" అంటుంది. ఆ ఎవరైనా ఎవరో నాకు తెలియదా! సరిగ్గా ఆ వేళకే అమ్మ చీపురు పట్టుకుని, అప్పటికే తుడిచిన హాలు మళ్లీ తుడవడానికి వచ్చేది. నేను ఫోన్ పెట్టేసేదాకా ఆ గచ్చుకి మోక్షం లేదు. "ఏమంటోంది?" అని ఏనాడూ అడగలేదు. ఒకరికోసం ఒకరు ఇంతగా తపించిపోతూ, మధ్యలో నన్ను చంపుకుతినేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

చివరికి ఆయాసం నిజంగానే వచ్చింది. ఆ కొలత తీసే చోటు ఊరు మొత్తానికి ఒక్కటే. తీసే మనిషీ ఒక్కతే.

"ఆవిడ తన పని చేసుకుంటుంది, నేను కళ్లు మూసుకుంటా," అంది అమ్మ. చెల్లెలు 'ఆవిడ' అయిపోయింది.

నన్ను అద్దం ఇవతల గదిలో కూర్చోబెట్టారు. లోపలి మాటలు మైకులో వినిపిస్తున్నాయి. డాక్టరుగారు నెత్తురు తీసి గొట్టం పిన్నికి అందించారు. పిన్ని గుప్పిట బిగించి వెనుదిరిగింది. అప్పుడు అమ్మ కళ్లు తెరిచింది.

"చిన్నీ, చలేస్తోందే."

ఆరేళ్ల తర్వాత మొదటి మాట అది. పిన్ని ఆగిపోయింది. పాతికేళ్లలో ఎవరికోసమూ ఆగనిది, ఆగి, గొట్టాన్ని పక్కనున్న స్టీలు ట్రేలో పెట్టేసి, అక్క ఎడంచెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. ఎంతసేపో నేను లెక్కపెట్టలేదు, నాకూ కళ్లు మసకబారాయి. తర్వాత ఉలిక్కిపడి గొట్టం అందుకుని పక్కగదికి పరుగెత్తింది.

"రెండొందల ఏడు మిల్లీలీటర్లు," అన్నారు డాక్టరుగారు తెర చూసి. "రెండొందలు దాటింది. ఆపరేషనే మంచిది."

పిన్ని గుమ్మంలోనే నిలబడి ఉంది. ఎన్నడూ లెక్క తప్పదని పేరున్న మనిషి. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు.

"సార్, ఆ అంకె తప్పు," అంది. "నెత్తురు చల్లార్చేశాను. ట్రేలో పెట్టాను. మళ్లీ తీయాలి."

"మీరా?" అని డాక్టరుగారు విసుక్కున్నారు. "ట్రేలో ఎందుకు పెట్టారు?"

బల్లమీంచి అమ్మే అందుకుంది.

"మళ్లీ తీసుకోండి డాక్టరుగారూ. దాచకుండా చెప్పిందిగా." తర్వాత చెల్లెలి వైపు చూసి, "ఈసారి నన్ను కాదే, దాన్ని పట్టుకో," అంది.

సాయంత్రం డాక్టరుగారు రాకముందే పిన్ని వార్డులోకి వచ్చింది. అంకెలు డాక్టరే చెప్పాలి, కొలిచేవాళ్లు చెప్పకూడదు. అయినా మంచం పక్కన నిలబడి, ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టింది.

"నూట ఎనభై అక్కా. మామూలుకన్నా పెద్దదే. ఇప్పటికి మాత్రలతో చూద్దామంటారు. ఆర్నెల్లకి మళ్లీ కొలవాలి. ఎక్కువైతే నీకే ముందు చెబుతా."

అమ్మ చెల్లెలి వైపు తిరిగింది.

"అమ్మదెంత?"

"రెండొందల డెబ్భై నాలుగు."

కాగితం చూడలేదు, తడుముకోలేదు. ఆరేళ్లుగా ఆ అంకె నాలుక చివరే ఉన్నట్టుంది.

"చెప్పుంటే ఆ రోజే బయల్దేరేదాన్నే," అంది అమ్మ.

"తెలుసక్కా."

పిన్ని కుడిచెయ్యి అప్పటికీ బిగించే ఉంది. అందులో ఏమీ లేదు, అలవాటంతే. అమ్మ ఆ చేతిని దగ్గరికి లాక్కుని, ఒక్కో వేలూ విప్పి, ఇంకా చల్లగానే ఉన్న తన చెయ్యి అందులో పెట్టింది.