బిక్షవ్వ అని రాయకుండ్రి సార్

మా చిన్నప్పుడు... సిరిసిల్లలో నన్ను కన్న అవ్వ వాకిట్లో నిలబడి పిలిస్తే, సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు దాటుకుని ఆ గొంతు వీధి చివరిదాకా వినిపించేది. "బిక్షవ్వా... ఓ బిక్షవ్వా... బువ్వ సల్లారవట్టె, ఇంటికి రా!" ఆ పిలుపు వింటేనే నాకు ఒంటిమీద జెర్రులు పాకినట్టుండేది. తోటి పిల్లలంతా లతలు, స్వప్నలు, కవితలు. ఒక్కో క్లాసులో ముగ్గురేసి స్వప్నలు. బిక్షవ్వను మాత్రం బడి మొత్తానికి నేనొక్కదాన్నే...

నాకంటే ముందు పుట్టిన ముగ్గురు పురిట్లోనే పోయారట. అందుకని నేను పుట్టగానే అవ్వ పచ్చి బాలింత ఒంటితోనే అయిదిండ్లకు పోయి, కొంగు పట్టి, పాత బట్టపేలికలు అడుక్కొచ్చింది. అవన్నీ కలిపి కుట్టిన అంగీనే నా మొదటి బట్ట. అడిగి తెచ్చుకున్న పిల్ల మీద చావు కన్ను పడదని మావాళ్ళ నమ్మకం. భిక్షగా దొరికిన పిల్లనని పేరూ అందుకే పెట్టారు.

బాపు సాంచాల మీద పొద్దంతా బట్ట నేసే మనిషి. ఒకరోజు ముచ్చటపడి, తాను నేసిన కొత్త గుడ్డ తెచ్చి నాకు చుట్టబోతే అవ్వ లాక్కుని బయటికి విసిరేసిందట. "ఏడాది నిండేదాక ఇంటి బట్ట తాకొద్దన్న గదా! నీ ముచ్చటకు దీన్ని గూడ మట్టిల వెడ్తవా?" అని అరిచిందట. అట్లా బట్ట నేసే ఇంట్లో పుట్టి, ఏడాదిపాటు పరాయి పేలికల్లో పెరిగాను. ఈ ముచ్చట ఎవరికైనా తెలుస్తుందంటేనే అప్పట్లో నాకు రోత.

ఏడో తరగతి పరీక్ష ఫారాలు నింపుతున్నప్పుడు... హెడ్మాస్టరు నా పేరు చూసి ముక్కు చిట్లించాడు. "గిదేం పేరే, గిన్నె వట్టుకోని ఇంటింటికి తిరిగినట్టు! గీ పేరుకు ఇంగ్లీషు స్పెల్లింగు ఎవడు రాస్తడు? మంచి పేరేదన్న చెప్పు." క్లాసంతా పగలబడి నవ్వింది. నేను క్షణం కూడా ఆలోచించలేదు. సునీత అని రాయమన్నాను.

ఇంటికొచ్చి చెబితే అవ్వ ముఖంలో రక్తం లేదు. మర్నాడు చుడుతున్న బీడీల చాట పక్కన పడేసి బడికి వచ్చింది. క్లాసు గుమ్మం దగ్గరే ఆగి, రెండు చేతులూ జోడించింది.

"సారూ, మీ కాల్మొక్త. గా పేరు మీదనే నా బిడ్డ బతికింది. పేరు దీస్తే పాణం వోతది... జర ఎప్పటి లెక్కనే రాయుండ్రి."

సారు నావైపు తిరిగాడు. "ఏం జెయ్యమంటవే?"

అందరూ నన్నే చూస్తున్నారు. "మా అవ్వకేం తెల్వది సార్... బిక్షవ్వ అని రాయకుండ్రి" అన్నాను.

అవ్వ జోడించిన చేతులు దించింది. కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ సారును తలుచుకుంటే ఇప్పటికీ అసహ్యమే. కానీ ఆయన అడిగాడు, అంతే... జవాబు చెప్పిన నోరు నాది.

మొన్న కరీంనగర్‌లో మా తమ్ముడి మనవరాలిని తొట్టెల్లో వేశారు. పిల్ల తల్లి, అంటే నా మేనకోడలు, మూడు నెలలుగా ఫోన్లో పేరు వెతుకుతోంది. లోకంలో ఎవరికీ ఉండకూడదట! చివరికి హ్రియాంశీ దొరికింది. అంకెల శాస్త్రం చెప్పే ఒకాయన దానికి ఇంకో రెండు అక్షరాలు తగిలించాడు.

"ఇంగ్లీషుల మొదట్ల హెచ్ రెండుసార్లు, ఆఖర్ల ఐ రెండుసార్లు రాయాలె అత్తా... అప్పుడే కలిసొస్తదట."

"దాని అర్థమేందే?"

"అర్థమెవలు చూస్తున్నరత్తా? సౌండ్ మంచిగున్నది గదా!"

అంతలో భోజనాల దగ్గర తేలిందేమంటే, అదే గల్లీలో ఇంకో ఇద్దరు హ్రియాంశీలున్నారు. ఒక పిల్లకు ఒక అక్షరం ఎక్కువ, ఇంకో పిల్లకు తక్కువ. బిడ్డకు పేరు పెట్టడమంటే బండికి ఫ్యాన్సీ నంబరు కొనడమా? ఛీ... అనబోయాను. మాట మింగి, కలిపిన ముద్ద నోట్లో పెట్టుకున్నాను. పేరు నలుగురిలో బాగుండాలని తాపత్రయపడిన మొదటి మనిషిని మా ఇంట్లో నేనే కదా.

ఆ బడి రోజు తర్వాత అవ్వ నన్ను పేరు పెట్టి పిలవనే లేదు. సునీత అనడానికి ఆమెకు భయం. బిక్షవ్వ అంటే నేను కస్సుమనేదాన్ని. అందుకే "ఇగో", "ఓ పిల్లా"... అంతే. ఇరవై ఏళ్ళకు పైగా అట్లాగే.

ఆఖరు రోజుల్లో ఆసుపత్రిలో ఉన్నప్పుడు నర్సు అడిగింది... "అవ్వా, నీ దగ్గరున్నది ఎవలు?"

"నా బిడ్డ."

"పేరేంది?"

అవ్వ నా ముఖంలోకి చూసింది, చెప్పనా అని అడిగినట్టు. నర్సు పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది.

నేనే చెప్పాను... సునీత అని.

ఇప్పుడు వెతికితే ఫోన్లో వేల పేర్లు. ప్రాణం కోసం భయపడి పేరు పెట్టే అవ్వలు లేరు. మీరూ నాలాగే సిగ్గుపడి చెరిపేసుకున్న పేరేదైనా ఉంటే కింద రాయండి... దాన్ని పిలిచే మనిషి ఇంకా ఉంటే మాత్రం, రాయడం తర్వాత, ముందు వాళ్ళతో ఒక్కసారి పిలిపించుకోండి.