కళ్ళజోడు తీసి విన్న జవాబు

మొన్న హనుమకొండ బస్సులో పక్కసీటు పెద్దాయన లవంగం నమిలారు. ఆ ఘాటు తగలగానే నా నడుము దానంతటదే నిటారైంది. నాకు ఇంటర్వ్యూ నేర్పిన సార్ గదిలో ఎప్పుడూ అదే వాసన. రిటైరైన అధికారి ఆయన. మట్టెవాడలో మా బట్టల దుకాణం వెనక సందులో, మేడమీది గదిలో ఉద్యోగాలకు సిద్ధమయ్యేవాళ్ళకు ఊరికే చెప్పేవారు. ఆయన పోయి ఏడాది కావస్తోంది.

నేను నేర్చుకున్న ఏడు ఆ గదికి వెళ్ళింది మేమిద్దరమే: నేనూ, ధర్మసాగర్ నుంచి వచ్చే స్రవంతీ. ఇద్దరం రాతపరీక్ష గట్టెక్కింది ఒకే ప్రభుత్వ సంస్థలోని ఒకే ఒక్క ఉద్యోగానికి. ఆ ఇంటర్వ్యూలో చదివింది అడగరు. ఫలానా చిక్కు వచ్చినప్పుడు నువ్వేం చేశావని అడుగుతారు. నాకేం చిక్కులు? ఏది వచ్చినా నాన్నే చూసుకునేవారు. అందుకని గైడులో జవాబులు బట్టీపట్టి అప్పజెప్పేదాన్ని. సార్ తల వంచుకుని వినేవారు. స్రవంతి నోరు తెరిస్తే మాత్రం కళ్ళజోడు తీసి పక్కన పెట్టి ఆమెనే చూస్తూ వినేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకరు జవాబు చెబితే రెండోవారు బోర్డు సభ్యులై గుచ్చిగుచ్చి అడగాలి, అదీ సార్ పద్ధతి. ఒకరోజు స్రవంతి చెప్పింది. "మా ఊరి వడ్ల కొనుగోలు కాడ నేనే చూసుకునేదాన్ని సార్. ఒక్కసారే వానొచ్చింది. టార్పాలిన్లు అందరికి సాలవు. లొల్లి మొదలైంది. ఆరిన కుప్పలకే కప్పిచ్చిన."

నేను ఆగలేకపోయాను. "మరి మీ నాయిన వడ్లో? ముందుగాల అవే కప్పిచ్చినవ్ గదా?"

ఆమె ముఖం చిన్నబోయింది. దొరికిందిలే అనుకున్నాను.

"మాయి ఇంకా ఆరలే అక్కా. తడిసినయ్. నాయిన శానా రోజులు నాతోని మాట్లాడలే."

కళ్ళజోడు అప్పటికే బల్ల మీదుంది. "గిదెందుకు దాచినవ్ బిడ్డా? అసలు జవాబే గిది!" అన్నారు సార్. అడిగినందుకు నాలుక కరుచుకోవాలనిపించింది.

ఆమె వెళ్ళాక ఉక్రోషం పట్టలేక అడిగేశాను. "మీరు ఎవరి దిక్కు సార్?"

"నీ కడుపుమంట నాకు ఎరుకే బిడ్డా. ఉండనీ. గా మంటతోనే మంచిగ అడుగుతానవ్. గంతే గట్టిగ నిన్ను నువ్వు అడుగు."

ఉద్యోగం ఆమెకే వచ్చింది. మిఠాయి డబ్బాతో దుకాణానికొస్తే, పంటి నొప్పని తప్పించుకున్నాను. తర్వాత ఇంకో ఆఫీసు ఇంటర్వ్యూలో, నీకు గిట్టని మనిషితో ఎప్పుడైనా పనిచేశావా అని అడిగారు. గైడు జవాబు నోటిదాకా వచ్చింది. మింగేసి స్రవంతి గురించి చెప్పాను, నా కుళ్ళుతో సహా. ఆ ఉద్యోగమే ఇప్పుడు చేస్తున్నాను.

సార్ దినాలనాడు స్రవంతి నా పక్కన కూర్చుంది. "బోర్డుల గూడ నీ ప్రశ్ననే అడిగిండ్రక్కా. సార్‌కు చెప్తే, 'గా నౌకరీల సగం దానిదే, దాని తీరుగ అడిగేటోళ్ళు లేరు' అన్నరు."

నాకు ఏడుపొచ్చింది. అందరూ సార్ కోసమే అనుకున్నారు. ఆయన నన్ను మనసారా మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఆ మాట ఆయన నోట విన్న అదృష్టం కూడా స్రవంతికే పట్టింది.