చిన్నమ్మ గోలీలు ఆపిన వానాకాలం

మొన్న వాన వెలిసిన సాయంత్రం కోరుట్లలో మా పాత వాడలో నడుస్తుంటే, ఎవరింటి ముందో తడి గోనెపట్టాలో చుట్టిపెట్టిన తునికాకు వాసన గుప్పున కొట్టింది. పచ్చిగా, వగరుగా, దాని వెనకే పొగాకు ఘాటు. బీడీలు చేసే ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఆ వాసన తగిలితే అమ్మ ఒడి గుర్తొస్తుందంటారు. నాకు మాత్రం ముందు కోపం వస్తుంది, తర్వాతే మల్లవ్వ చిన్నమ్మ గుర్తొస్తుంది.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆమెకు ఇరవై దాటి ఉంటాయేమో. మధ్యాహ్నం అన్నాలయ్యాక అమ్మమ్మ అరుగు మీద వాడలోని ఆడవాళ్ళంతా ఒళ్ళో చాటలు పెట్టుకుని చేరేవారు, పిల్లలం వాళ్ళ కాళ్ళ దగ్గర గచ్చకాయలాడుతూ, పొగాకు దుమ్ముకు తుమ్ముతూ, తిట్లు తింటూ ఉండేవాళ్ళం. చిన్నమ్మ చాట వంక చూడనైనా చూడకుండా ఆకు తీసి, పొగాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టేసేది, మాకు కథ చెబుతూనే. కథలో దయ్యం వచ్చి మేం కెవ్వుమన్నా ఆమె వేళ్ళు ఆగేవి కావు. బతుకమ్మ దగ్గర పడితే తంగేడు పూలకోసం మమ్మల్ని చెలకల వెంట తిప్పేది, గునుగుపూలకు రంగులద్దుతూ మా ముక్కులకూ అద్దేది, నువ్వుల సత్తుపిండి ముద్దలు చేసి అందరికంటే పెద్దది నా చేతిలో పెట్టేది. నా జుట్టు ఒత్తుగా ఉండేది. అమ్మ దువ్వితే ఏడ్చేదాన్ని, చిన్నమ్మ జడవేస్తే కునుకుపట్టేది.

ఆమెను సిరిసిల్లకిచ్చారు. ఆ ఇంట్లో పొద్దస్తమానం మరమగ్గాలు ఆడుతుండేవి, వాటిని సాంచెలంటారు, ఆ చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడాలంటే అరవాల్సిందే. బిడ్డ పుట్టిన నెలలోపే చిన్నమ్మకు నిద్ర కరువైంది. సాంచె తన పేరు పెట్టి పిలుస్తోందని, పిల్లను దాచాలని, చంటిదాన్ని ఎత్తుకుని ఇల్లంతా తిరిగేదట. అత్తింటివాళ్ళు పిల్లను ఉంచుకుని, తల్లిని మాత్రం తెచ్చి అమ్మమ్మ గడపలో దింపారు.

"నయమైనంకనే పిల్లనిస్తం" అని ఆమె అత్త చెప్పిన మాట నేను నా చెవులతో విన్నాను. పాలతో తడిసిన రవికతో చిన్నమ్మ ఆ బస్సు వెనక ఎంతదూరం పరుగెత్తిందో కూడా చూశాను.

ఇక నయం చేసే పని వాడంతా నెత్తికెత్తుకుంది. గాలి సోకిందన్నవాళ్ళు తాయెత్తు కట్టారు, దిష్టి అన్నవాళ్ళు మిరపకాయలు తిప్పారు, ఆ తర్వాత ఒక గుట్ట మీది గుడి దగ్గర నలభై రోజులు ఉంచి తడిబట్టలతో ప్రదక్షిణలు చేయించారు. చేయనని కూర్చుంటే రెక్కపట్టి లేపారు. తెలియని జనం, పాపం, ఏం చేస్తారు అంటారు నాతో చాలామంది. వైద్యం తెలియకపోవచ్చు, నిజమే. కానీ "నీకెట్లుంది మల్లవ్వా?" అని అడగడానికి ఏం తెలియాలి? అది కూడా ఒక్కరూ అడగలేదు.

అడిగినవాడు జగిత్యాల డాక్టరు. మతి జబ్బులు చూసే ఆయన అక్కడి సర్కారు దవాఖానకు వారానికి ఒక్కరోజు వచ్చేవాడు. అమ్మమ్మ, చిన్నమ్మ, సద్దిగిన్నె పట్టుకుని నేను. వరండా నిండా జనం, ఫినాయిలు వాసన, ఒకే బల్ల. మా వంతు వచ్చేసరికి సద్ది తినే వేళ కూడా దాటిపోయింది.

"నిద్ర పడుతుందా అమ్మా?" అన్నాడు డాక్టరు.

చిన్నమ్మ ఆయన ముఖంలోకి చూసి, "నా బిడ్డ పక్కన లేకుంటె ఎట్ల పడ్తది సారూ?" అంది. గుట్ట నుంచి వచ్చాక ఆమె తిన్నగా మాట్లాడిన మొదటి మాట అదే.

ఆయన గోలీలు రాసిచ్చాడు. మూడు వారాలకు చిన్నమ్మ పడుకుంది, లేచింది, తల దువ్వుకుంది, పొయ్యి దగ్గర కూర్చుని నాకు మక్కగారెలు కాల్చిపెట్టింది. సాంచె పిలవడం మానేసింది. "వచ్చే నెల సిరిసిల్ల పోదామె, నా బిడ్డను తెచ్చుకుంట" అని అమ్మమ్మ వెంటబడేది.

ఒక్కటే తేడా వచ్చింది. వేళ్ళు బిగుసుకుపోయి సన్నగా వణికేవి. ఆకు చిరిగేది, దారం జారేది. కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే మనిషి ఆమె కట్టల్లో సగం తీసి అవతల పడేసేవాడు. మా ఇళ్ళలో ఆడమనిషి ఒంట్లో బాగుందో లేదో చూసేది నాడి పట్టుకుని కాదు, సాయంత్రానికి చాటలో ఎన్ని బీడీలున్నాయో చూసి. నవ్వుతోంది, తింటోంది, నిద్రపోతోంది, అయినా బీడీ వంకర పోతోందంటే ఆమెకు ఇంకా నయం కాలేదన్నట్టే లెక్క.

"గీ గోలీలే చేతులు పడగొట్టినయ్. గిట్ల ఒణుక్కుంట పోతే పిల్లనిస్తరా వాళ్ళు?" అని అమ్మమ్మ మిగిలిన గోలీలనూ, చీటీనీ బియ్యం డబ్బా అడుగున దాచేసింది.

దుర్మార్గంతో కాదు, మనవరాలి కోసమే దాచింది. పది పదిహేను రోజుల్లో వణుకు తగ్గింది. చిన్నమ్మ మళ్ళీ చాట వంక చూడకుండా చుట్టసాగింది. "సక్కగైంది నా బిడ్డ" అని అమ్మమ్మ వాడంతా చెప్పుకుంది, ఆ వారం కార్ఖానాలో ఒక్క బీడీ కూడా తిరిగి రాలేదు. సిరిసిల్లకు కబురు పంపారు. వాళ్ళు బతుకమ్మ వెళ్ళాక వస్తామన్నారు.

సద్దుల బతుకమ్మ రోజు ఉదయం పూలు పేరుస్తూ పేరుస్తూ చిన్నమ్మ లేచి, పిల్ల ఏడుస్తోందంటూ, చెప్పుల్లేకుండా సిరిసిల్ల దారిపట్టింది. పట్టుకోబోయినవాళ్ళను కొరికింది. అప్పుడు చూడాలి ఊరి చురుకు! నలుగురు మగవాళ్ళొచ్చారు, తువ్వాలలతో చేతులు కట్టారు, ఆటో వచ్చింది, పోలీసు కూడా వచ్చాడు, అంతా గంటలోపే. పట్నం పిచ్చాసుపత్రికి తీసుకెళ్తే కాగితాలు లేవని వెనక్కి పంపారు. జగిత్యాలకు వెళ్తే డాక్టరుకు బదిలీ అయింది, కొత్తాయన ఇంకా రాలేదు, వచ్చే వారం రమ్మన్నారు. ఆ వచ్చే వారం చలికాలమంతా వస్తూనే ఉంది. కట్టడానికి అంతమంది దొరికారు, రెండు గోలీలివ్వడానికి ఒక్క మనిషి దొరకలేదు. ఈ మాట ఇన్నేళ్ళ తర్వాత రాస్తున్నా నా చెయ్యి మండుతోంది.

సిరిసిల్లవాళ్ళు రాలేదు. చిన్నమ్మ భర్త మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని మాత్రం తెలిసింది.

తర్వాత్తర్వాత చిన్నమ్మ గోలీలు కొన్నాళ్ళు దొరికి, కొన్నాళ్ళు దొరకక, అలాగే బతికింది. అమ్మమ్మ పోయింది, అమ్మ పోయింది, నేను జగిత్యాలలో పంతులమ్మనై ఆమెను నా దగ్గరకు తెచ్చుకున్నాను. ఇప్పుడు మానసిక రోగుల హక్కులకు చట్టముంది, ఎవరినీ కట్టేయకూడదట, బలవంతాన చేర్పించాలంటే ఎన్నో నిబంధనలట. మంచిదే. చీటీ పట్టుకుని మందుల కిటికీ దగ్గర నిలబడితే మాత్రం "స్టాకు లేదు, బయట తీసుకోండి" అంటారు. దానికి నిబంధనలేవీ అడ్డురావు.

ఈ ఏడు కొత్తగా వచ్చిన చిన్న డాక్టరమ్మ ఒకతె చిన్నమ్మ చేతులు ముందుకు చాపమంది. వణుకు చూసింది. ఒక గోలీ తగ్గించి, దానికి తోడు వేసుకోవడానికి మరో చిన్న గోలీ రాసింది.

"ఇంతేనా?" అన్నాను.

"అంతే మేడం. ఈ మందుతో కొందరికి వస్తుంది. అప్పుడే చెప్పి ఉంటే అప్పుడే తగ్గేది" అంది.

ఎవరికి చెప్పాలి? వణుకు కూడా డాక్టరుకు చెప్పుకునే సంగతేనని మా అమ్మమ్మకు ఎవరు చెప్పారు? ఆ డాక్టరుకు మా వెనక వరండా నిండా జనం. ఒక్కరోజులో అంతమందిని చూడమని ఆయన్ని కూర్చోబెట్టినవాళ్ళెవరు? ఆ అరుగు పోయింది, చాటలతో చేరిన ఆడవాళ్ళు చెదిరిపోయారు, గచ్చకాయలు ఎవరూ ఆడటం లేదు. అవి పోతే పోనీ, కాలం తీసుకెళ్ళింది అనుకుంటాను. చిన్నమ్మ బిడ్డను తీసుకెళ్ళింది కాలం కాదు.

రెండు వారాలకు వణుకు పోయింది. పొద్దున నేను బడికి తయారవుతుంటే చిన్నమ్మ వచ్చి చేతులు రెండూ చాపి చూపించింది. వేళ్ళు నిలకడగా ఉన్నాయి.

ఆమె వాటిని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "నా బిడ్డకు గిప్పుడు ఎన్నేండ్లుంటయే?" అని అడిగింది.

చెప్పాను. పెళ్ళయిందని, ఒక పాప కూడా ఉందని తెలిసినంతవరకూ చెప్పాను.

"అయితే జడ దానంతటదే ఏసుకుంటది గద" అంది.