అద్దం ముందు ఆగయ్య

కరోనా ఏడాది, బతుకుతెరువుకు వలసొచ్చిన ఉధ్నాలో మరమగ్గాలు ఆగిపోయాక, ఆగయ్య రంగుచేపల దుకాణంలో చేరాడు. ముప్పై ఏళ్ల ఆ సాంచాల మోత అతని చెవులు తినేసింది. ఎదుటివాడి పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. తాను మాట్లాడితే మాత్రం అరిచినట్టే ఉంటుంది. అద్దం మీద వేలితో కొట్టేవాళ్లంటే ఒళ్లుమంట, చూపుతోనే తరిమేస్తాడు. కొత్త సరుకు రాగానే తొట్టి మీద అరచెయ్యి చాపుతాడు. తొట్టిలో పుట్టిన చేపలు మేత అనుకుని పైకొస్తాయి. ఏట్లో పట్టినవి రాళ్ల వెనక నక్కి, గోళీల మేత ముట్టనే ముట్టవు.

అలా నక్కిన చేపలనే ఓ రోజు దుకాణం యజమాని సేఠ్, ఫారంలో పెంచినవని చెప్పి సంధ్య అనే తెలుగు పిల్లకు అంటగడుతున్నాడు. ఆగయ్య ఆమె వైపు వంగి, గుసగుసలాడుతున్నాననుకునే చెప్పాడు: “కొనకు బిడ్డా, గివి ఏట్ల పట్టిన జంగ్లీ చేపలు. నాలుగు రోజులు సుత బతకయి.”

దుకాణమంతా వినపడింది. సంధ్య చేపల సంచీ కింద పెట్టేసి వెళ్లిపోయింది.

“కల్ సే మత్ ఆనా,” అన్నాడు సేఠ్. రేపటి నుంచి రావద్దన్న ఆ మాట మాస్కు చాటున ఉండిపోయింది.

మర్నాడు ఆగయ్య అందరికన్నా ముందొచ్చి షటరు దగ్గర నిలబడ్డాడు. సేఠ్ మాస్కు గడ్డం కిందికి లాగి, అదే మాట నిదానంగా మళ్లీ అన్నాడు.