ఉయ్యాల మాదిరి ఉండని ఉయ్యాల

మొదటి ఉద్యోగం చేస్తున్న ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో లేదు. చిత్తూరులో మా మామ, అంటే అమ్మ తమ్ముడి ఇంట్లో తిని, ఆయన బండి మీద ఆఫీసుకు పోయి, సాయంత్రం తిరిగొచ్చి ఆయనకే లోకజ్ఞానం బోధించేవాణ్ణి. (పెట్రోలు కూడా ఆయనదే.) ఆదివారమైతే సంచి తగిలించుకుని స్నేహితులతో అడవుల వెంట తిరగడం అప్పుడే అలవాటైంది. ఏవో వీడియోలు చూసి, గుడారం ఎట్లా వేయాలి, ముడి ఎట్లా కట్టాలి, హామక్ ఎలాంటిది కొనాలి అని అడగనివాళ్ళకు కూడా చెప్పేవాణ్ణి. హామక్ అంటే మరేం లేదు, రెండు చెట్ల మధ్య కట్టుకుని పడుకునే ఉయ్యాల. ఆ ఏడాది మా మామ ఇంట్లో అనకూడని మాట కూడా అదే.

అత్తకు పెళ్ళైన చాలా ఏళ్ళకు పుట్టిన ఆడపిల్ల, ఉయ్యాలలో వేసి పేరు పెట్టే వేడుక రాకముందే పోయింది. దూలానికి కట్టి పెట్టుకున్న చీర ఉయ్యాలను మామ విప్పి బీరువాలో దాచాడు గానీ, కొక్కెం మాత్రం అట్లాగే ఉండిపోయింది. అత్త వండేది, వడ్డించేది, అడిగినదానికి జవాబు చెప్పేది. గడప మాత్రం దాటేది కాదు. ఒక్కసారైనా ఏడవలేదు. "ఏడిస్తే బాగుణ్ణు రా అల్లుడా" అని మామ నా దగ్గర ఏడ్చేవాడు. మామిడికాయల మండీలో ఆయన గొంతు వీధి చివరిదాకా వినిపించేది, ఇంట్లోకి వస్తే పిల్లిలా నడిచేవాడు. ఆమెను ఎట్లాగైనా ఇంట్లోంచి బయటికి తీసుకురావాలన్నదే అప్పట్లో మా ఇద్దరి ధ్యాస.

"తలకోనకు పోదాం మే, అల్లుడు గుడారం వేస్తాడంట" అన్నాడు ఒకరోజు అన్నం తింటూ.

"నేల మీద పండుకునేది నా చేత గాదబ్బా. తేళ్ళుంటాయి."

"నేలకు తగలకుండా కడతా అత్తా! అది అచ్చం..." అని నేను ఉత్సాహంగా అందుకునేలోగా మామ నా కాలు తొక్కాడు. (ఆయనది మామూలు బరువు కాదు.) "మంచం!" అని అరిచాను.

"అడివిలో మంచమా?"

"వేలాడే మంచం మే" అన్నాడు మామ, నా వైపు చూడకుండా.

అత్త మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "అట్లయితే సూద్దాంలే" అంది. ఆ చిన్న మాటకే మామ కళ్ళు తుడుచుకుని, ఇంకొంచెం అన్నం పెట్టించుకున్నాడు.

మరుసటి ఆదివారమే మామా నేనూ హామక్ కొనడానికి తిరుపతి బస్సెక్కాం. అంగడాయన ముందుగా పల్చటి గుడ్డ హామక్ తీశాడు. తేలిగ్గా ఉంటుంది, మడిస్తే గుప్పెట్లో పడుతుంది, ఎంత లావు మనిషినైనా మోస్తుంది. నేను నేర్చుకున్న చదువంతా అదే కొనమంటోంది. మామ దాన్ని మామిడికాయను చూసినట్టు నొక్కి, వాసన చూసి, రెండు కొసలూ పట్టుకుని పైకెత్తాడు. నడుమ గుడ్డ జారి సంచిలా మూసుకుంది. అచ్చం చీర ఉయ్యాల. నిప్పు తగిలినట్టు వదిలేశాడు. తర్వాత చూపించినవన్నీ అంతే, వలవి కూడా. చివరికి అంగడాయనకు విసుగొచ్చింది.

"అన్నా, నీకు ఎట్లాంటిది గావల్లో సరిగ్గా చెప్పు."

"ఊగేది గావల్ల. ఉయ్యాల మాదిరి ఉండకూడదు."

"తానం చెయ్యల్ల, తడవకూడదు అన్నట్టుండాది కదన్నా నీ బేరం!"

నేను నవ్వాను. మామ నవ్వలేదు. అప్పుడు అంగడాయన అటక మీద నుంచి దుమ్ము పట్టినదొకటి దించాడు. వలకు రెండు కొసలా అడ్డంగా కొయ్య బద్దలు, కడితే నులకమంచంలా చదునుగా పరుచుకుంటుంది. "ఇది వద్దు మామా, మోయలేం. పైగా కొంచెం పక్కకు ఒరిగితే చాలు, బోర్లా పడేస్తుంది" అని మొత్తుకున్నాను. "పడేస్తే పడెయ్యనీ రా. మంచం మాదిరుండాది, సూడు" అంటూ ఆయన దాన్ని భుజానికెత్తుకున్నాడు. తిరుగు బస్సులో ఆ కొయ్యలు తగిలి ఎంతమంది తిట్టారో, ఆ తిట్లన్నీ నేనే పడ్డాను.

తలకోనలో గుడారాలు వేసుకోనిచ్చే చోట, నీళ్ళు పారే వంక పక్కన రెండు చెట్లకు దాన్ని కట్టాం. అత్త దూరంగా బండ మీద కూర్చుని చూస్తోంది. "సూడు మే, ఎంత సుఖమో!" అంటూ మామ ఎక్కి, కాళ్ళు చాపి, చెయ్యి ఊపాడు. చెయ్యి ఊపడమే తప్పయింది. హామక్ గిర్రున తిరగబడి ఆయన్ను బొక్కబోర్లా ఎండుటాకుల్లో పడేసింది. ఆకులు నోట్లో పెట్టుకుని తలెత్తిన మామను చూసి అత్త పకపకా నవ్వింది. ఎన్నాళ్ళైంది ఆ నవ్వు విని! నేనూ నవ్వుతూనే ఉన్నాను, ఆమె నవ్వు ఆగిపోయింది. మామను పడేసిన ఆ వల, ఖాళీగా, తనంతట తానే ఊగుతోంది.

అత్త లేచి వచ్చి చేత్తో దాన్ని ఆపింది. వంకలోకి దిగి, గుండ్రటి రాయినొకదాన్ని రెండు చేతులా ఎత్తుకొచ్చి, కొంగుతో తడి తుడిచి, వలలో పడుకోబెట్టింది. మా వైపు బిడ్డను ఉయ్యాలలో వేసే ముందు రోటి పొత్రాన్ని, అంటే రుబ్బే గుండ్రాయిని, పడుకోబెట్టి ఊపుతారు.

"ఖాళీగా ఊగకూడదబ్బా" అంది.

"అది మంచమే కదమ్మే..." అన్నాడు మామ కిందనుంచే, దీనంగా.

"ఊరుకో. ఎన్ని కొయ్యలు కట్టినా ఉయ్యాల ఉయ్యాలే. నాకు తెల్దా?" అంది. "పేరన్నా పెట్టుకోకపోతిమి కదా, దానికి."

తర్వాత వంగి, ఆ రాయి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పింది. మెల్లగా ఒకసారి ఊపింది. ఆ పైన అక్కడే కూలబడి ఏడ్చింది. మామ పాక్కుంటూ వెళ్ళి పక్కన కూర్చున్నాడు. నేను వంక వైపు తిరిగి నిలబడ్డాను. నాకు తెలిసిన ముడులేవీ అప్పుడు అక్కరకు రాలేదు.

వాళ్ళకు మళ్ళీ పిల్లలు పుట్టలేదు. అత్త మాత్రం ఆ తర్వాత మాతో చాలాసార్లు అడవికొచ్చింది. "ఆ పొద్దు ఏం పేరు చెప్పిందో నీకు ఇనిపించిందా రా?" అని మామ ఇప్పటికీ నన్ను చాటుగా అడుగుతాడు. వినిపించలేదు మామా అంటాను. అత్తనే అడగవచ్చు కదా అంటే, తల అడ్డంగా ఊపుతాడు.

ఇప్పుడు నా దగ్గర గుప్పెట్లో పట్టే హామక్ ఉంది. ఏది కొనాలని ఆఫీసులో కుర్రవాళ్ళు నన్నే అడుగుతారు. బరువు, గుడ్డ, తాడు అంటూ దంచేస్తాను, పాత జబ్బు ఎక్కడికి పోతుంది? కానీ అడవిలో కట్టాక, ఎవరైనా చూస్తారేమోనని చుట్టూ చూసి, ముందు ఒక గుండ్రటి రాయి వెతుకుతాను. తడి తుడిచి, దాన్ని పడుకోబెట్టి, ఒకసారి ఊపుతాను. తర్వాత రాయిని జాగ్రత్తగా దించి, నేను పడుకుంటాను.