‘జర ఆగు చెల్లే’

మాది హాలియా దగ్గర పల్లె. నన్ను సాదిన చిన్నమ్మకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. మేం గొర్ల వెంట ఊర్లు తిరిగేటోళ్లం. అందుకే ఆమెను పట్నంలో మున్సిపాలిటీ నడిపే ఆశ్రమంలో ఉంచినం.

అక్కడ స్నానాల గదిలో ఒంటరిగా వదిలేస్తే, చిన్నమ్మ జారిపడి తుంటి విరిగింది. దవాఖానకు గూడ తీస్కపోలేదు. ఫిర్యాదు చేస్తనని నేను లేస్తే, ఆశ్రమం ఇన్‌చార్జి నా చేతులు పట్టుకొని ఏడ్చింది.

"జర ఆగు చెల్లే, ఆపరేషన్ మేమే చేయిస్తం."

సొంత అక్క లెక్క నమ్మిన. ఎప్పుడు ఫోన్ చేసినా అదే మాట. ఏడాది దాటినా ఆపరేషన్ మాత్రం కాలేదు. చిన్నమ్మ ఇంక లేచి కూసోలేకపోయింది. ఆఖరికి ఆమెను ఇంటికి తెచ్చుకొని, ఫిర్యాదు రాయించుకొని మున్సిపాలిటీ ఆఫీసుకు పోయిన.

సారు చదివి, "దెబ్బ తగిలిన ఏడాది లోపల ఇయ్యాలమ్మా. గడువు దాటింది" అన్నడు.

ఇన్‌చార్జి అక్కడనే ఉన్నది. "గీ గడువు సంగతి నీకు ముందే ఎరుకనా అక్కా?" అని అడిగిన.

"రూల్ అందరికీ ఎరుకే కదా" అన్నది, నా మొఖం చూడకుండ.

అన్ని రోజులు నన్నెందుకు ఆగమన్నదో అప్పుడు సమజైంది. ఫిర్యాదు కాయితం మడుచుకొని బయటికొచ్చిన.

ఇంటికి రాంగనే చిన్నమ్మ ఆశగా, "ఫిర్యాదు తీస్కున్నరా బిడ్డా?" అని అడిగింది.

"తీస్కున్నరు చిన్నమ్మా" అన్న.

మోసపోయిన బాధ కొంత తగ్గింది గానీ, ఆమెకు చెప్పిన ఆ అబద్ధం ఇప్పటికీ నన్ను నిద్రపోనియ్యదు.